ఫోనుకు ఒక ఉట్టి

(తిరుపతిలో ఒక ఆదివారం సాయంత్రం, డిగ్రీ విద్యార్థులూ వాళ్ళ తల్లిదండ్రులూ కూర్చున్న సభలో ఒక భౌతికశాస్త్ర అధ్యాపకురాలు చేసిన ప్రసంగం ఇది.)

అందరికీ నమస్కారం.

మూడో వరసలో కూర్చున్న కుటుంబం కొండ మీది నుంచి నేరుగా ఇక్కడికే వచ్చినట్టుంది. తాతకూ మనవడికీ గుండ్లు, నుదుట ఇంకా చెరగని నామాలు. మీరు కారులో దిగివుంటే ఒక సంగతి గుర్తుండాలి. ఘాట్ రోడ్డులో బండికి టైము కడతారు. ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు. అంతకన్నా ముందు చేరితే జరిమానా. అలిపిరి ఇంకో మలుపు ఉందనగా రోడ్డు పక్కన బండి ఆపుకుని, చెట్టు కింద ఒళ్ళు విరుచుకుంటూ నిలబడిన డ్రైవర్లను మనమందరం చూసినవాళ్ళమే. తొందరగా దిగేశారు. ముల్లు తిరిగేదాకా ఆగాల్సిందే.

ఆ నియమం రోడ్డు బాగలేక పెట్టింది కాదు. రోడ్డు నున్నగా ఉంది, బండి కొత్తది, కొండ వాలు దానంతటదే కిందికి లాగుతుంది. జారిపోవడానికి అన్నీ అనుకూలంగా ఉన్నాయి కాబట్టే, కావాలని ఒక ఆలస్యాన్ని తెచ్చి మధ్యలో పెట్టారు. డ్రైవరు మంచివాడా, తాగుబోతా, మనోబలం ఉన్నవాడా అని ఎవరూ ఆరా తీయలేదు. నెమ్మదిగా పొండి అని బోర్డులు రాసి అంతటితో ఊరుకోనూ లేదు. అందరికీ ఒకటే లెక్క, 40 నిమిషాలు.

మన చేతికీ ఫోనుకూ మధ్య కూడా అలాంటి ఆలస్యం ఒకటి ఉండాలని చెప్పడానికే వచ్చాను.

నేను పాతికేళ్ళుగా పిల్లలకు ఘర్షణ పాఠం చెబుతున్నాను. యంత్రాలు అరిగిపోయేది ఘర్షణ వల్లే, నూనె వేసి తగ్గించాలి అని ఒక పేజీ ఉంటుంది. అది పిల్లలకు బాగా గుర్తుంటుంది. ఘర్షణ లేకపోతే అడుగు తీసి అడుగు వేయలేం అనే పేజీ మాత్రం పరీక్ష కాగానే మరిచిపోతారు. నూనె ఒలికిన గచ్చు మీద ఒకసారి కాలు పెట్టినవాళ్ళకు ఆ పేజీ మళ్ళీ చదవాల్సిన పని ఉండదు.

అదే పాఠంలో ఇంకో చిన్న విషయం ఉంది. ఇంటికి సున్నం వేయించేటప్పుడు మీరు బీరువా జరిపి ఉంటారు. మొదట ఎంత తోసినా కదలదు. ఇద్దరు కలిసి ఊపిరి బిగబట్టి తోస్తే ఒక్క ఉదుటున కదులుతుంది. కదిలాక ఒక్కరే గోడదాకా తోసుకుపోవచ్చు. ఆగివున్న వస్తువును కదలనీయకుండా పట్టుకునేది స్థైతిక ఘర్షణ. కదిలాక మిగిలేది జారుడు ఘర్షణ. మామూలుగా మొదటిదే ఎక్కువ.

ఫోను దగ్గర మనం చేసే పొరపాటు ఇక్కడే ఉందని నాకు చాలా ఆలస్యంగా తట్టింది. ఐదు నిమిషాలు చూసి ఆపేద్దాం అనుకుని తెరుస్తాం. అంటే జారడం మొదలయ్యాక ఆగాలని చూస్తున్నాం. జారుడుబల్ల మీద సగం దిగిన పిల్లవాణ్ణి ఆగమంటే ఎలా ఆగుతాడు? ఆపాలంటే వెనక మెట్ల దగ్గర ఆపాలి, ఎక్కకముందు. మనం మెట్లన్నీ తీసేసి, జారుడుబల్ల మధ్యలో నిలబడి పిల్లల్ని తిడుతున్నాం.

ఒకప్పుడు ఆ మెట్లు వాటంతటవే ఉండేవి. ఈ సభలో నా వయసువాళ్ళకు వారపత్రికలో సీరియల్ చదివిన జ్ఞాపకం ఉంటుంది. సరిగ్గా తలుపు తట్టిన చప్పుడు దగ్గర ‘సశేషం’ అని ఉండేది. వారం ఆగేవాళ్ళం. రాత్రి ఒక వేళకు రేడియో తనంతట తాను మూగబోయేది. ఇంటర్నెట్ వచ్చిన కొత్తలో కూడా పేజీ అడుగున 1, 2, 3 అని అంకెలుండేవి, తర్వాతి పేజీ కావాలంటే నొక్కాలి. నొక్కబోయే ఆ అరక్షణంలో ‘చాల్లే’ అనుకోవడానికి చోటుండేది. 2006లో ఆజా రాస్కిన్ అనే అమెరికా డిజైనరు ఆ అంకెల అవసరం లేకుండా చేసే పద్ధతి తయారుచేశాడు. కిందికి పోయేకొద్దీ కొత్తవి వచ్చి చేరుతూనే ఉంటాయి. చదివేవాళ్ళకు సుఖంగా ఉంటుందనే చేశాడు. అది మనుషుల సమయాన్ని ఎలా మింగిందో చూశాక, ఆ పని చేసినందుకు బాధపడుతున్నానని తనే నలుగురిలో చెప్పుకున్నాడు. సశేషం అనే మాట పోయిన చోటు అది.

తర్వాత మన దేశం సంగతి. 2016 సెప్టెంబరులో జియో వచ్చింది. అంతకుముందు నెలకు 1 జీబీ వేయించుకుని, వీడియో అంటే భయపడి, ఫొటో డౌన్‌లోడ్ చేయడానికి కూడా ఆలోచించేవాళ్ళం. ఇప్పుడు రోజుకు 1.5 జీబీ, అర్ధరాత్రి దాటగానే మళ్ళీ నిండుతుంది. పేదింటి పిల్లలకు పాఠాలు అందాయి, గల్ఫ్‌లో ఉన్న కొడుకు ముఖం తల్లికి కనిపించింది. అందులో నాకే సందేహమూ లేదు. కానీ డబ్బు అనే మెట్టు కూడా ఆ రోజుతో పోయింది. 2020 జూన్ 29న ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించింది. మర్నెల జులైలో ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్ వచ్చాయి, సెప్టెంబరులో యూట్యూబ్ తన షార్ట్స్‌ను ప్రపంచంలో ముందుగా మన దేశంలోనే మొదలుపెట్టింది. టిక్‌టాక్ వదిలిన ఖాళీ మూడు నెలలు కూడా మిగల్లేదు.

స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పావురాలతో చేసిన ప్రయోగాలు సైకాలజీ విద్యార్థులు చదివే ఉంటారు. పొడిచిన ప్రతిసారీ గింజ పడితే, గింజలు ఆగిపోగానే పావురం కూడా మానేస్తుంది. గింజ ఎప్పుడు పడుతుందో తెలియకపోతే ఆపకుండా పొడుస్తూనే ఉంటుంది. పది రీల్స్‌లో తొమ్మిది పనికిరానివి. పదోది బాగుంటుంది. ఆ పదోది ఎప్పుడొస్తుందో తెలియదు. అందుకని, అమ్మా, మీ అబ్బాయికి బుద్ధి లేదని, పట్టుదల లేదని నలుగురిలో అనకండి. ఎంతో చదువుకున్నవాళ్ళు జీతాలు తీసుకుని, వాడి వేలికీ తెరకూ మధ్య ఒక్క గరుకు కూడా మిగలకుండా నున్నగా సానపెట్టారు. వాడు జారుతున్నాడు. మనమూ జారుతున్నాం.

చిన్న గరుకు పెడితే ఏమవుతుందో మన కళ్ళముందే జరిగింది. 2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వదంతులు పాకాయి. మన రాయలసీమ పల్లెల్లో కూడా రాత్రిళ్ళు కర్రలు పట్టుకుని కాపలా కాశారు. దేశంలో చాలాచోట్ల ఏ పాపం తెలియనివాళ్ళను కొట్టి చంపారు. ఆ జులైలో వాట్సాప్ మన దేశంలో ఒక నియమం పెట్టింది. ఒక మెసేజిని ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయడం కుదరదు. తర్వాతి జనవరిలో ప్రపంచమంతా అదే నియమం. 2020 ఏప్రిల్‌లో, అప్పటికే చేతులు మారి మారి వచ్చిన మెసేజి అయితే ఒకసారికి ఒక్క చాట్‌కే అన్నారు. ఏదీ నిషేధించలేదు, గమనించండి. ఇరవై మందికి పంపాలనుకుంటే ఇప్పటికీ పంపవచ్చు, ఇరవైసార్లు నొక్కాలి, అంతే. ఆ ఒక్క మార్పుతో అలాంటి మెసేజీలు 70 శాతం తగ్గాయని కంపెనీయే ప్రకటించింది. అంటే మనం పంపినవాటిలో చాలా వాటిని పంపాలన్న కోరిక మనకు అంత బలంగా లేదు. సులువుగా ఉంది కాబట్టి పంపాం.

ఇప్పుడు నా సంగతి చెబుతాను.

మా అమ్మ నా దగ్గరే ఉంటుంది. షుగరుంది, ఇన్సులిన్ వేసుకుంటుంది. మూడేళ్ళ కిందట డిసెంబరులో ఒక రాత్రి, పేపర్లు దిద్దడం ముగించి, పడుకునేముందు కాసేపు అని ఫోను పట్టుకుని మంచం మీద వాలాను. చెవుల్లో ఇయర్‌ఫోన్లు. ఎవరో ఒకావిడ అరిటాకులో చేపలు కాలుస్తోంది, తర్వాత ఒక ఏనుగు పిల్ల, తర్వాత ఎవరిదో పెళ్ళి, ఎవరో తెలియదు. అమ్మ లోపలి గదిలోంచి నన్ను రెండుసార్లు పిలిచిందట. మూడోసారి పిలవడానికి గొంతు పెగలక మంచం పక్కనున్న ఇత్తడి చెంబును తోసేసింది. ఆ చప్పుడూ నాకు వినపడలేదు. చదువుకుంటున్న మా పాప విని పరుగెత్తుకొచ్చి నా భుజం పట్టి కుదిపింది. వెళ్ళేసరికి అమ్మ జాకెట్టు చెమటతో తడిసి ముద్దయి ఉంది, చేతులు వణుకుతున్నాయి. షుగరు పడిపోయింది. చక్కెర నీళ్ళు తాగించాం. ఒక పది నిమిషాలకు తేరుకుని, గచ్చు మీద నీళ్ళు చూసి, జారి పడేరు తుడవండి అంది. నేను గడియారం చూశాను. కాసేపు అని నేను మంచం ఎక్కి గంటా ఇరవై నిమిషాలయింది.

అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. పొద్దున కాఫీ తాగుతా తాగుతా, “దాన్ని ఉట్లో పెట్టు మే” అనింది.

ఉట్టి చూడని పిల్లలు ఇక్కడ చాలామంది ఉంటారు. పాకాల దగ్గర మా పల్లెటూరి ఇంట్లో దూలానికి వేలాడుతూ ఉండేది. తాళ్ళతో అల్లిన వల, అందులో ఒకదాని మీద ఒకటి పాలకుండ, పెరుగుకుండ, అన్నిటికీ పైన వెన్న గిన్నె. పిల్లి ఎగరకుండా, పిల్లలం అందుకోకుండా. దానికి తాళం లేదు. వెన్న ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలుసు, కింద నిలబడితే కుండ అడుగు కనిపిస్తూనే ఉంటుంది. కావాలంటే ముక్కాలిపీట తెచ్చి, దాని మీద ఇంకో పీట వేసి ఎక్కాలి. పీట తేవడానికి పోయిన దారిలో ఎవరో ఒకరు గోలీలాటకు పిలిచేవాళ్ళు, వెన్న సంగతి అక్కడితో సరి. నిజంగా కడుపు కాలిన రోజు మాత్రం ఎక్కి తినేవాళ్ళం. మా అవ్వకు అది తెలుసు. గిన్నెలో వేళ్ళ గుర్తులు చూసి కూడా ఏమీ అనేది కాదు. ఆకలి ఏదో, ఊరికే చేయి చాపడం ఏదో తేల్చడానికి ఆమెకు ఆ ఎత్తు చాలు.

మా ఇంటి వసారాలో పాప ఊయలకని వేయించిన కొక్కెం ఇంకా ఉంది. అమ్మే జనపనార తాడు తెప్పించుకుని రెండు సాయంత్రాలు కూర్చుని ఉట్టి అల్లింది. అందులో ఒక వెదురు బుట్ట పెట్టాం. రాత్రి 8 గంటలకు నాది, మా ఆయనది, పాపది, మూడు ఫోన్లూ అందులోకి పోతాయి. తీయాలంటే స్టూలు కావాలి. స్టూలు అప్పట్లో వంటింట్లో ఉండేది. అమ్మ దగ్గర బటన్ల ఫోను ఒకటుంది, అది కిందే ఉంటుంది. చుట్టాలకూ, కాలేజీవాళ్ళకూ, ఇంటి డాక్టరుకూ ఆ నంబరు ఇచ్చాం. అర్ధరాత్రి ఎవరికైనా ఏదైనా అయితే ఆ ఫోను మోగుతుంది. మాట్లాడటానికి మా ఇంట్లో ఏ అడ్డూ లేదు, ఎప్పుడూ పెట్టుకోకూడదు కూడా.

మొదటి వారంలో నేను నాలుగుసార్లు స్టూలు తెచ్చాను. అందులో ఒకసారి బాగా గుర్తుంది. పైకెక్కాను, ఒక చేత్తో కొక్కెం తాడు పట్టుకున్నాను, రెండో చేయి బుట్టలో పెట్టి నా ఫోను తడిమి తీశాను. తెర వెలిగింది. ఎందుకు ఎక్కానో గుర్తు రాలేదు. అలాగే స్టూలు మీద నిలబడి ఆలోచించాను. ఎవరికైనా చెప్పాల్సింది ఉందా? లేదు. ఏదైనా వెతకాలా? లేదు. కింద అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ తలెత్తి చూసి మళ్ళీ తల దించుకుంది. ఫోను బుట్టలో పెట్టేసి దిగి, ఆమె పక్కన కూర్చుని నేనూ ఒలిచాను. మంచం మీద ఉండివుంటే ఆ ప్రశ్న నాకు వచ్చేదే కాదు. తెర వెలిగిన మరుక్షణం ఏదో ఒకటి కనిపించేది, అదే నేను వెతికింది అనుకునేదాన్ని.

దీన్నే కొలిచి చూసినవాళ్ళున్నారు. జర్మనీ పరిశోధకులు 2023లో ఒక అధ్యయనం ప్రచురించారు. 280 మంది, ఆరు వారాలు. వాళ్ళ ఫోన్లలో ఇన్‌స్టాగ్రామ్ లాంటి యాప్ నొక్కగానే అది తెరుచుకోదు. ముందు ఒక తెర వచ్చి ఊపిరి పీల్చమంటుంది, ఈ రోజు ఇన్నిసార్లు తెరిచారని చెబుతుంది, తర్వాత లోపలికి పోతారా, వద్దా అని అడుగుతుంది. కొన్ని సెకన్ల పని. నొక్కినవాటిలో 36 శాతం సార్లు జనం వద్దని వెనక్కి వచ్చేశారు. ఆరు వారాలయ్యేసరికి అసలు నొక్కడమే మొదటి వారంకన్నా 37 శాతం తగ్గింది. నాకు రెండో అంకె ముఖ్యం అనిపించింది. గడప దగ్గర ఆగడం అలవాటైన కాలు, కొన్నాళ్ళకు ఆ గడప దాకా పోవడం కూడా తగ్గిస్తోంది.

ఇంట్లో కొక్కెం లేనివాళ్ళకు వేరే దారులున్నాయి, త్వరగా చెప్పేస్తాను. మిమ్మల్ని ఎక్కువగా లాగే యాప్ ఏదో మీకు తెలుసు. రోజూ రాత్రి దాన్నుంచి లాగౌట్ అయిపోండి. పాస్‌వర్డ్ పొడుగ్గా పెట్టి, ఫోనులో దాచకుండా కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. వేలిముద్రతో తెరుచుకునేది తీసేసి అంకెలు పెట్టుకోండి. ఛార్జరును పడకగదిలోంచి వంటింటికి మార్చండి. అలారం కోసం ఫోను పక్కన పెట్టుకుంటున్నాం అనేవాళ్ళు గాంధీ రోడ్డులో ఒక అలారం గడియారం కొనుక్కోండి. ఆండ్రాయిడ్ ఫోన్లలో డిజిటల్ వెల్‌బీయింగ్ అని సెట్టింగ్స్‌లో ఉంటుంది, అందులో బెడ్‌టైమ్ మోడ్ పెడితే రాత్రిపూట తెర రంగులు పోయి నలుపు తెలుపుగా మారేట్టు చేసుకోవచ్చు. గంగమ్మ జాతర వేషాలను రంగుల్లేకుండా చూసినట్టుంటుంది, కాసేపటికి కన్ను తనే విసుక్కుంటుంది.

వీటిలో ఏదైనా పగలు చేసిపెట్టుకోవాలి, మనసు నిలకడగా ఉన్నప్పుడు. రాత్రి పదిన్నరకు అలసిపోయి మంచమెక్కిన మనిషి ఏ సెట్టింగూ మార్చడు.

పనికొచ్చేదాని ముందు అడ్డు పెట్టకండి. మదనపల్లె మార్కెట్లో టమోటా ధర చూసుకునే రైతుకు ఒక్క క్షణం ఆలస్యం కూడా నష్టమే. పాఠాలు ఫోనులోనే వస్తుంటే పాఠాల యాప్ ముందు తెరలోనే ఉండనివ్వండి. అడ్డు పెట్టాల్సింది మీ చేయి మిమ్మల్ని అడక్కుండా పోయే చోట.

తల్లిదండ్రులతో ఒక మాట. గడియకూ తాళానికీ తేడా ఉంది. మన ఊళ్ళో మంచి మార్కుల కోసం రెండేళ్ళపాటు పిల్లల దగ్గర ఫోనే లేకుండా చేసే హాస్టళ్ళున్నాయి. నా దగ్గరికి డిగ్రీకి వచ్చిన ఒక అబ్బాయి అలా రెండేళ్ళు ఉండి వచ్చాడు. మంచి మార్కులు. మొదటి సెమిస్టరులో వాళ్ళ నాన్న ఫోను కొనిచ్చాడు. నవంబరు నాటికి మొదటి పీరియడుకు రావడం మానేశాడు. పిలిచి కూర్చోబెట్టి అడిగితే, “తెల్లారి నాలుగు దాకా నిద్ర పట్టదు మేడం, ఆపలేకపోతా ఉండా” అని ఏడ్చాడు. వాడికి రెండేళ్ళు తాళం చూపించారు. గడియ వేసుకోవడం, తీసుకోవడం ఎవరూ నేర్పలేదు. తాళం తీసిన రోజు తలుపే లేకుండా పోయింది. ఫోను లాక్కుని దాచేస్తే మీ పిల్లలు పక్కింటి స్నేహితుడి ఫోనులో చూస్తారు, పైగా మీతో మాట్లాడటం తగ్గిస్తారు. గడియ ఎక్కడ వేయాలో వాళ్ళతోనే కూర్చుని తేల్చుకోండి. ముందు మీ ఫోనుకు వేసి చూపించండి. మా ఇంట్లో 8 గంటలకు బుట్టలోకి మొదట పోయేది నా ఫోను. నాది పోని రోజు పాపది కూడా పోదు.

ఇంకో సంగతి, గరుకు కూడా అరుగుతుంది. ఉట్టికంటే ముందు నేను యాప్ టైమరు పెట్టుకున్నాను. అరగంట కాగానే ఈ రోజుకు అయిపోయింది అని తెర వచ్చేది. పది రోజుల్లో నా బొటనవేలు సెట్టింగ్స్‌లోకి పోయి ఆ టైమరు తీసేయడం నేర్చుకుంది. కళ్ళు మూసుకుని చేయగలిగేది. రెండు పలకల్ని అదేపనిగా రుద్దితే నున్నబడతాయి, ఇదీ అంతే. అందుకే ఆరు నెలలకోసారి మెట్టు మార్చుకోవాలి. మేం మొన్న సంక్రాంతికి స్టూలును వంటింట్లోంచి మిద్దెమీదికి మార్చాం.

మనకు అలవాటైన ఒక చోటే ఉంది చూడండి, కొండ మీద. దర్శనానికి పోయేముందు కౌంటరులో ఫోను ఇచ్చి టోకెను తీసుకుంటాం. పోయిన వేసవిలో మా పాపా నేనూ అలిపిరి మెట్లెక్కి పోయాం. మొత్తం 3,550 మెట్లు అంటారు, గాలిగోపురం దాటేదాకా పాప ప్రతి మలుపులోనూ ఫొటోలే. ఫోన్లు ఇచ్చేసి వైకుంఠం కాంప్లెక్సులో కంపార్టుమెంటులో కూర్చున్నాక మొదటి అరగంట ఆ పిల్ల చేయి చూశాను. నిమిషానికోసారి నడుము దగ్గరికి పోయి వట్టిగా తిరిగొస్తోంది. పక్కన హిందూపురం నుంచి వచ్చిన ఒక పెద్దావిడ అదే చేస్తోంది. ఇద్దరూ ఒకరి చేయి ఒకరు చూసుకుని నవ్వారు. అక్కడినుంచి మాటలు కలిశాయి. ఆవిడ తన ఇద్దరు కోడళ్ళ గురించి, పట్టుపురుగుల రేటు గురించి, మోకాళ్ళ నొప్పితో మెట్లెక్కడం గురించి చెప్పింది. పాప తన పరీక్ష భయం గురించి చెప్పింది, నాతో ఎప్పుడూ చెప్పని భయం. మూడు గంటలు. పాలు తెచ్చి పోశారు, సాంబారన్నం పెట్టారు. ఏమీ తోచక ఉండటాన్ని ఆ పిల్ల మొదటిసారి పూర్తిగా అనుభవించి, దాని అవతలికి వెళ్ళింది. దర్శనమయ్యాక కౌంటరు దగ్గర ఫోన్లు చేతికొచ్చాయి. ఆవిడ నంబరు అడగడం మరిచిపోయామని పాప ఇప్పటికీ బాధపడుతుంది.

అలాగని అందరికీ ఉట్టి సరిపోతుందని నేను అనను. ఫోను లేకపోతే చేతులు వణకడం, తిండి మానేయడం, తీసుకున్నవాళ్ళ మీద చేయి చేసుకోవడం, చదువూ ఉద్యోగమూ పోయేదాకా రావడం, ఇవి మెట్టు పెట్టి చూద్దాం అనుకునేవి కావు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో దీనికోసమే 2014 నుంచి షట్ క్లినిక్ నడుస్తోంది. మనకు బస్సెక్కితే ఐదారు గంటల దారి. అంతదూరం పోలేకపోతే టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయవాణి ఉంది, నంబరు 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు, ఏ వేళైనా చేయవచ్చు. నేను చెప్పిన అబ్బాయిని మేం డాక్టరు దగ్గరికే పంపాం. వాడు ఇప్పుడు రెండో సంవత్సరం. మొదటి పీరియడుకు వస్తున్నాడు.

(సభలోంచి ఒకావిడ: “ఆ ఉట్టి యాడ దొరుకుతుందమ్మా?”)

కొనక్కర్లేదమ్మా, చేసుకోవచ్చు. జనపనార తాడు ఒక ఉండ తెచ్చి ఇక్కడ గుమ్మం దగ్గర పెట్టాను, సభ అయ్యాక చూపిస్తాను. ఎనిమిది తాళ్ళు, ఒక్కొక్కటి రెండు బారలు. పైన అన్నీ కలిపి ఒక ముడి. జానెడు కింద పక్కపక్క తాళ్ళను రెండేసి కలిపి ముళ్ళు. ఇంకో జానెడు కింద జతలు మార్చి మళ్ళీ ముళ్ళు, అప్పుడు వలలాగా విచ్చుకుంటుంది. అడుగున అన్నీ కలిపి గట్టిగా బిగించండి. కొక్కెం లేకపోతే ద్వారబంధం పైన ఒక మేకు చాలు. ఎత్తు మాత్రం మీ చేత్తోనే కొలుచుకోండి. మడమలు నేల మీద ఆనించి చేయి పూర్తిగా చాపితే మధ్యవేలి కొన బుట్ట అడుగుకు తగలాలి, లోపలికి అందకూడదు.